మూడు రిపోర్టులు, మూడు తీర్పులు: పాత సత్రానికి రిస్క్ ఎంతో ఎలా తేల్చాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడి దగ్గర మీ ఊళ్లో, మహేంద్రతనయ ఒడ్డుకు కాస్త ఇవతల, పాత సత్రం ఒకటి ఉంది. రాతి పునాది, గానుగ సున్నంతో కట్టిన ఇటుక గోడలు, టేకు దూలాల మీద మద్రాసు మిద్దె, అంటే ఇటుకలు పేర్చి సున్నం పోసిన చదును కప్పు. దాని మీద ఇప్పటికి మూడు రిపోర్టులు వచ్చాయి. సివిల్ ఇంజినీరు గారు "స్థితి బాగాలేదు" అని రాశారు. జిల్లా విపత్తుల ప్రణాళిక ముందు పెట్టుకుని రాసినవాళ్లు "మధ్యస్థ రిస్క్" అన్నారు. పాత కట్టడాలను కాపాడాలని తిరిగే కుర్రాళ్లు "అత్యధిక రిస్క్" అన్నారు. వీళ్లలో ఎవరి మాట నమ్మాలని సత్రం కమిటీ పెద్దలు మిమ్మల్ని నిలదీస్తున్నారు. ఈ గొడవ తీరాలంటే తెలుగులోనూ ఒడియాలోనూ అందరూ ఒకే అర్థంతో వాడే మాటల పట్టిక ఉండాలని మీకు అనిపించింది. దాన్ని ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా రాయాలి అని అడిగారు.

ముందు కమిటీ పెద్దలకు చెప్పండి, ముగ్గురూ నిజమే రాశారని. మూడు వేరు వేరు ప్రశ్నలకు జవాబులు రాసి, మూడింటికీ దాదాపు ఒకే రకం మాట వాడారు, అంతే. ఇంజినీరు గారు ఇప్పటికే జరిగిపోయినదాన్ని చూశారు: బీటలు, చెమ్మ, వంగిన దూలం. అది కట్టడం స్థితి. రెండోవాళ్లు సత్రం గడప తొక్కి ఉండరు. ఆ ప్రాంతానికి వరద ఎంత, గాలి ఎంత అని పటంలో చూసి రాశారు. అది ముప్పు. కుర్రాళ్లు వసారా దూలాల మీది చెక్కడాలు, గోడలోని తెలుగు శాసనం చూసి, ఇవి పోతే మళ్లీ రావని భయపడ్డారు. అది విలువ. ఈ మూడూ రిస్క్‌లో ముక్కలే. ఏ ఒక్కటీ తనంతట తాను రిస్క్ కాదు.

కాబట్టి పట్టిక కంటే ముందు ఒక పద్ధతి పెట్టుకోండి. ఈ పనిలో నేను ఎవరికైనా మొదట చెప్పేది ఇదే: రిస్క్‌ను "ఎక్కువ", "తక్కువ" అని ఒక్క మాటలో రాయొద్దు, పూర్తి వాక్యంగా రాయండి. ఏ కారణం వల్ల, ఏ భాగానికి, ఏ దారిలో, ఎన్నాళ్లలో, ఎంత పోతుంది అనే ఐదూ ఆ వాక్యంలో ఉండాలి. మీ సత్రానికి అలాంటి వాక్యం ఒకటి రాసి చూపిస్తాను. "తూర్పు వసారా మిద్దె మీది నీటి తూము పూడిపోవడంతో వాననీరు నిలిచి, గోడలోకి దిగి, దూలాల కొసలు పుచ్చిపోయి, ఇలాగే వదిలేస్తే సుమారు పదేళ్లలో వసారా కప్పు కూలి చెక్కడపు దూలాలన్నీ పోయే అవకాశం ఉంది." దీన్ని ఇంజినీరు ఒప్పుకోవచ్చు, కాదనవచ్చు. తాపీ మేస్త్రి "పదేళ్లు పట్టదు బాబూ, నాలుగేళ్లు చాలు" అనవచ్చు. "అత్యధిక రిస్క్" అన్న మాటతో మాత్రం ఎవరూ వాదించలేరు, ఎందుకంటే అందులో వాదించడానికి ఏమీ లేదు. మాటల పట్టిక ఈ వాక్యం కోసం. దాంట్లోకి రాని మాటలు పట్టికలో ఎన్ని ఉన్నా బరువే.

ఇక మాటల దగ్గరికి వద్దాం. రిస్క్‌ను రిస్క్ అనే ఉంచండి. మన ఊళ్లల్లో బ్యాంకు గుమాస్తా దగ్గర్నుంచి ఆటో డ్రైవరు దాకా అందరూ వాడేది అదే, ఒడియావాళ్లకూ తెలుసు. దానికోసం సంస్కృతంలో కొత్త మాట పుట్టిస్తే కమిటీలో సగంమంది ఆ రోజే నిద్రపోతారు.

ముప్పు అంటే బయటినుంచి వచ్చి పడేది. మీ సత్రం అక్కడ ఉన్నా లేకపోయినా వరద వస్తుంది, గాలి వీస్తుంది, పిడుగు పడుతుంది. ఇక్కడ దాదాపు ప్రతి రిపోర్టులోనూ కనిపించే లోపం, "తుఫాను" అని ఒక్క మాట రాసి ఊరుకోవడం. మన వైపు అక్టోబరు అంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ ఒడిశాలోని గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. మరుసటి ఏడాది సరిగ్గా అదే తేదీన హుద్‌హుద్ విశాఖ మీద పడింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటింది. తీరం దగ్గర కప్పులు లేచిపోయింది, చెట్లు కూలింది గాలికి. గజపతి జిల్లా కొండల్లో తిత్లీకి ప్రాణాలు పోయింది మాత్రం వానకు విరిగిపడ్డ కొండచరియల కింద. పేరు ఒక్కటే, రెండు చోట్ల పని చేసిన ముప్పులు రెండు. మీ సత్రానికి తుఫాను మూడు రూపాల్లో వస్తుంది: పక్కనున్న చెట్టు పిట్టగోడ మీద పడటం, రెండు రోజులు ఆగకుండా కురిసిన వాన మిద్దె మీద నిలవడం, పైన కొండల్లో పడ్డ నీళ్లతో ఏరు పొంగి గోడల అడుగుభాగం నానడం. మూడింటికీ దెబ్బతినే భాగాలు వేరు, చేయాల్సిన పని వేరు. చెట్టుకు కొమ్మలు కొట్టించాలి, మిద్దెకు తూము తీయించాలి, ఏటికి మనం చేయగలిగింది తక్కువ కాబట్టి కింది గదిలో పెట్టిన పాత కాగితాలు, దస్త్రాలు పైకి మార్చాలి. "తుఫాను" అని ఒక వరసలో రాసేస్తే ఈ మూడు పనుల్లో ఒక్కటీ కనిపించదు.

మెల్లగా తినేసే వాటి సంగతేమిటి? గోడ సందులో మొలిచిన రావి మొక్క, చెద, చెమ్మతో పైకి పాకే ఉప్పు, నిరుడు ఎవరో మంచి మనసుతోనే కొట్టించిన సిమెంటు ప్లాస్టరు. విపత్తుల ఆఫీసు భాషలో ఇవి ముప్పులే కావు. వాళ్లకు ముప్పు అంటే ఎక్కువగా ఒక రోజున వచ్చి, ఆ రోజుకు పేరుండేది. కట్టడాలను కాపాడేవాళ్ల భాషలో ఇవీ ముప్పులే, చాలా చోట్ల ఇవే పెద్దవి. రోమ్‌లోని వారసత్వ సంరక్షణ సంస్థ ఇక్రోమ్, కెనడా కన్సర్వేషన్ ఇన్‌స్టిట్యూట్ కలిసి 2016లో వెలువరించిన పద్ధతిలో వీటిని మూడు గుంపులు చేశారు: అరుదుగా వచ్చేవి, తరచుగా జరిగేవి, కొద్దికొద్దిగా పేరుకునేవి. మీ పట్టికలో ఈ మూడు గుంపులూ ఉండేలా చూడండి. మన దేశంలో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2017లో వారసత్వ స్థలాల కోసం ప్రత్యేకంగా మార్గదర్శకాలు ఇచ్చింది. జిల్లా ఆఫీసులో మాట్లాడేటప్పుడు దాని పేరు ఎత్తండి, వాళ్లు కూర్చోమంటారు.

ఇంకో చిన్న మాట. "ప్రకృతి వైపరీత్యం వల్ల కూలింది" అని రాయకండి. పదేళ్లుగా తూము తీయని మిద్దె వానకు కూలితే, వాన ప్రకృతిది, పూడిన తూము మనది. ఐక్యరాజ్యసమితి విపత్తుల విభాగం కూడా ముప్పు ప్రకృతిదైనా విపత్తును ప్రకృతి ఖాతాలో రాయొద్దనే అంటుంది.

ముప్పు దారిలో ఏమున్నాయి అన్నది మరో గడి. దీనికి ఒక్క ముక్క మాట వెతకొద్దు. "ముప్పు దారిలో ఉన్నవి" అని రాస్తే చాలు. గోడలు, దూలాలు, శాసనం, లోపల పెట్టిన వస్తువులు, రాత్రి పడుకునే యాత్రికులు. మనుషుల్ని మరిచిపోయి దూలాలు లెక్కపెట్టిన రిపోర్టులు నేను చదివాను.

ఇప్పుడు బలహీనత. అసలు గందరగోళం ఇక్కడే. ముప్పు తక్కువున్న చోట రిస్క్ కూడా తక్కువే అని జనం అనుకుంటారు. కాదని చెప్పడానికి నాకు కిల్లారి కంటే గట్టి ఉదాహరణ దొరకలేదు. నేను కొన్నేళ్లు మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లాలో, మన తెలుగువాళ్లు బాగా ఉండే దెగ్లూరు, బిలోలి వైపు పని చేశాను. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున పక్క లాతూరు జిల్లా కిల్లారిలో 6.2 తీవ్రతతో భూమి కంపించింది. దాదాపు పదివేల మంది పోయారు. అప్పటి దేశపు భూకంప పటంలో ఆ ప్రాంతం ఒకటో జోన్‌లో ఉండేది, అంటే అన్నిటికన్నా తక్కువ ముప్పు ఉన్న చోటు. 2002లో ఆ పటాన్ని సవరించినప్పుడు ఒకటో జోన్ అనేదాన్నే తీసేశారు.

మరి అంతమంది ఎందుకు పోయారు? ఇళ్లు కట్టిన తీరు అలాంటిది. బయట ఒక వరస రాళ్లు, లోపల ఒక వరస రాళ్లు, మధ్యలో చిన్న రాళ్లూ మట్టీ. ఈ ముఖం నుంచి ఆ ముఖం దాకా అడ్డంగా పట్టి ఉంచే పొడుగు రాళ్లు లేవు. అతికించింది మట్టితో. పైన దుంగల మీద అడుగుల మందాన మట్టి కప్పు. ఎండకు చల్లగా ఉంటుందని తరతరాలుగా వేసుకున్నది, మాళవద్ అంటారు అక్కడ. ఊపు రాగానే గోడ రెండు పొరలుగా విడిపోయింది, అంత బరువూ నిద్రలో ఉన్నవాళ్ల మీదికి వచ్చింది. అదే జిల్లాలో పెద్ద రాళ్లు పేర్చి కట్టిన పాత గుళ్లకు, మట్టితో కట్టిన వాడాలకు (అక్కడి పెద్ద పాత ఇళ్లకు) ఒకే భూమి ఊగినా దెబ్బ ఒకేలా ఉండదు. యూరప్‌వాళ్ల 1998 నాటి భూకంప తీవ్రతా స్కేలు చేసేది సరిగ్గా ఇదే. కట్టడాల బలహీనతకు ఏ నుంచి ఎఫ్ దాకా తరగతులు, తగిలిన దెబ్బకు 1 నుంచి 5 దాకా మెట్లు, రెండూ విడివిడిగా పెడుతుంది. మట్టితో కట్టిన రాళ్ల గోడలు అందులో అట్టడుగు తరగతి.

సరిహద్దుకు అటూ ఇటూ ఉన్నవాళ్లకు ఇది పాత కథ కాదు. 2024 డిసెంబరు 4 ఉదయం ములుగు దగ్గర 5.3 తీవ్రతతో వచ్చిన కంపం గోదావరి దాటి గడ్చిరోలి జిల్లా సిరొంచ దాకా తెలిసింది. ఆ వైపు పాత ఇళ్లూ గుళ్లూ ఉన్నవాళ్లు "మాది తక్కువ జోన్" అని నిశ్చింతగా ఉంటే, వాళ్లు ముప్పు గడి ఒక్కటే చదివారన్నమాట.

మీ సత్రం బలహీనతలు వేరు. గానుగ సున్నపు గోడ కాస్త కదలికను ఓర్చుకుంటుంది, పీల్చిన చెమ్మను ఆరబెట్టుకుంటుంది. ఆ గోడకు సిమెంటు పూత వేస్తే ఆరే దారి మూసుకుపోతుంది. నీరు లోపలే ఉండి పైకి పాకుతుంది, ఉప్పు లోపలే గడ్డకట్టి ఇటుకను పొడి చేస్తుంది. బయటికి మాత్రం గోడ నున్నగా కనిపిస్తుంది. మద్రాసు మిద్దెలో బలహీనమైన చోటు దూలం నడుమ కాదు, గోడలోకి దిగిన కొస. నడుమ వంగితే కంటికి కనిపిస్తుంది, కొస పుచ్చితే కనిపించదు. మేకుతో గుచ్చి చూడాలి, సుత్తితో తట్టి మోత వినాలి. ఇక పునాది రాయి మన కొండల ఖొండలైట్ అయితే దాన్నీ ఒకసారి దగ్గరగా చూడండి. ఖోండు గిరిజనుల పేరు పెట్టుకున్న ఈ రాయితోనే పూరీ, కోణార్కు గుళ్లలో ఎక్కువ భాగం కట్టారు. అందులోని ఒక ఖనిజం నీటికి మెల్లగా సుద్దలా మారుతుంది. దూరానికి గట్టిగా కనిపించే రాయి గోటితో గీరితే రాలుతుంది.

బలహీనతకు ఎదురుగా నిలిచే గడి సామర్థ్యం. దీన్ని చాలామంది వదిలేస్తారు, నా లెక్కలో ఇది లేని రిపోర్టు సగం రిపోర్టే. తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుంది? వానలకు ముందు మిద్దె ఎక్కి ఆకులు తీసేది ఎవరు? ఆ మనిషికి ఎవరైనా పైసా ఇస్తున్నారా? గానుగ సున్నం కలపడం తెలిసిన మేస్త్రి ఆ చుట్టుపక్కల ఇంకా ఉన్నాడా? ఫైర్ ఇంజన్ వీధిలోకి తిరుగుతుందా? రాత్రి కరెంటు తీగ మండితే మెయిన్ ఎక్కడుందో కాపలా మనిషికి తెలుసా? ఈ ప్రశ్నలకు ఇంజినీరింగ్ డిగ్రీ అక్కర్లేదు. అందుకే కాబోలు, ఎవరూ అడగరు.

తర్వాత స్థితి. ఇంజినీరు గారి రిపోర్టులో తప్పు లేదు, ఒక గడి తక్కువైంది. యూరప్‌లో పాత కట్టడాల స్థితి రాయడానికి 2012 నుంచి ఒక ప్రమాణం ఉంది. అందులో ప్రతి భాగానికి రెండు అంకెలు వేస్తారు: స్థితికి 0 నుంచి 3, తొందరకు 0 నుంచి 3. అంకె పెరిగేకొద్దీ స్థితి అంత చెడ్డది, పని అంత తొందరైనది. రెండూ వేరుగా ఉంచడంలోనే దాని తెలివంతా ఉంది. మీ సత్రం ఉత్తరపు గోడలో రెండు వేళ్లు పట్టేంత బీట ఉందని రాశారు. తాతల కాలం నుంచీ అలాగే ఉందని పెద్దలు అంటున్నారు కదా. అది నిజంగా కదలడం లేదని తేలితే స్థితి 2, తొందర 0. తూర్పు వసారాలో దూలం పక్కన అరచేతి వెడల్పు చెమ్మ మరక ఒకటి ఉంది. చూస్తే ఏమీ లేదనిపిస్తుంది. స్థితి 1, తొందర 3. ఒకే అంకెతో రాస్తే కమిటీ డబ్బంతా బీట పూడ్చడానికి పోతుంది, మరక అలాగే ఉంటుంది.

బీట కదులుతోందా లేదా అన్నది పెద్దల మాట మీద వదలొద్దు. బీటకు అడ్డంగా రెండు మూడు చోట్ల సన్నని గాజు పట్టీ అతికించి, పక్కన తేదీ రాసి, ఒక ఎండాకాలం, ఒక వానాకాలం పూర్తిగా గడిచేదాకా చూడండి. గాజు పగిలితే బీట బతికే ఉంది. అప్పటిదాకా రిపోర్టులో "కదలిక తెలియదు" అనే రాయండి. ఆ మాట కూడా పట్టికలో ఉండాల్సిన మాటే.

దెబ్బ, నష్టం ఈ రెండింటినీ విడదీయడం మీకు కష్టమవుతుంది, ముఖ్యంగా రెండు భాషల్లో. ఒడియా పత్రికల్లో తుఫాను మర్నాడు "క్షయక్షతి" అని వస్తుంది, మనం "నష్టం" అంటాం. రెండూ కూలిన గోడకూ, పోయిన విలువకూ, ఇవ్వాల్సిన పరిహారానికీ కలిపి వాడేస్తారు. మీ పట్టికలో దెబ్బ అంటే కట్టడానికి కంటికి కనిపించేలా జరిగినది అని, నష్టం అంటే దాని వల్ల పోయిన విలువ అని గట్టిగా రాసుకోండి. పిట్టగోడ పడిపోయింది, అవే ఇటుకలతో, అదే సున్నంతో మళ్లీ కట్టారు: దెబ్బ పెద్దది, నష్టం చిన్నది. శాసనం మీద భక్తితో ఆయిల్ పెయింటు వేశారు, రాయికి గీత పడలేదు: దెబ్బ చిన్నది, నష్టం చాలా పెద్దది. తుఫాను మర్నాడు ఫారం నింపడానికి వచ్చే మనిషి దెబ్బ ఒక్కటే చూస్తాడు. రెండోది చెప్పాల్సింది మీరే.

ఒక మాట మాత్రం మీ రిపోర్టుల్లోకి రానివ్వకండి: శిథిలావస్థ. పేపర్లలో అది పాతబడిన ప్రతిదానికీ వాడే మాట. మున్సిపాలిటీ నోటీసులో అదే మాట వస్తే కూల్చడానికి దారి తెరిచినట్టే. నాకు తెలిసిన ఒక ఊళ్లో పాత బడి భవనాన్ని కాపాడమని కొందరు అర్జీ పెట్టారు. జాలి పుట్టాలని "శిథిలావస్థకు చేరిన చారిత్రక భవనం" అని రాశారు. ఆఫీసులో ఎవరో మొదటి సగం చదివి, పిల్లలకు ప్రమాదమని కూల్చేశారు. "ప్రమాదకరం" కూడా అలాంటిదే. ఎవరికి, ఏ భాగం వల్ల, ఎప్పుడు అని చెప్పకుండా ఆ మాట వాడితే దాన్ని బుల్డోజరు డ్రైవరు తనకు అనుకూలంగా చదువుకుంటాడు.

ఇక విలువ. దీని మీద పుస్తకాలు చాలా ఉన్నాయి, మీకు అంత అవసరం లేదు. ఒక కాగితం మీద గుండ్రం గీసి, సత్రం మొత్తం విలువ అంత అనుకుని, దూలాల చెక్కడానికి ఎంత, శాసనానికి ఎంత, గోడలకు ఎంత, ఏటా కార్తీకంలో అక్కడ జరిగే అన్నదానానికి ఎంత అని కమిటీ చేత ముక్కలు కోయించండి. గొడవ పడతారు. పడనివ్వండి. బయటివాడు, నాలాంటివాడు వచ్చి ఆ ముక్కలు కోయకూడదు. అన్నదానానికి పెద్ద ముక్క ఇస్తే దానర్థం, సత్రాన్ని మూసేసి తాళం వేసి కాపాడటం కూడా ఒక రకం నష్టమేనని.

ఇవన్నీ ఉంటే అంకెలు వేయవచ్చు. పైన చెప్పిన ఇక్రోమ్ పద్ధతిలో మూడు అంకెలు కూడతారు. మొదటిది ఎంత తరచుగా వస్తుంది, లేదా ఎన్నాళ్లలో జరుగుతుంది: ఏడాదికైతే 5, పదేళ్లకైతే 4, వందేళ్లకైతే 3, మధ్యలోవాటికి అర అంకె. రెండోది ముప్పు తగిలిన భాగం తన విలువలో ఎంత పోగొట్టుకుంటుంది: మొత్తం అయితే 5, పదో వంతు 4, నూరో వంతు 3. మూడోది ఆ భాగం కట్టడం మొత్తం విలువలో ఎంత. దీనికీ అవే వంతులు. మొత్తం 15కు మించదు. కాగితం మీద లెక్క చూడటానికి ఊహించి రెండు వేద్దాం. ముప్పయ్యేళ్లకోసారి వచ్చే వరదకు 3.5. అది తగిలే గోడల అడుగుభాగం తన విలువలో పదో వంతు కోల్పోతుందనుకుంటే 4. ఆ భాగం సత్రం విలువలో పదో వంతు అయితే మళ్లీ 4. కూడితే 11.5. కారే మిద్దెకు పదేళ్లు కాబట్టి 4, దూలాలు పూర్తిగా పోతాయి కాబట్టి 5, అవి సత్రం విలువలో పదో వంతు కాబట్టి 4, మొత్తం 13. తేడా ఒకటిన్నరే కదా అనిపిస్తుంది. కానీ ఈ స్కేలులో ఒక్కో అంకెకు పది రెట్లు, ఒకటిన్నరకు ముప్పై రెట్లకు పైమాటే. అందరికీ టెన్షన్ పెట్టే వరద కంటే, ఎవరికీ పట్టని తూము అన్ని రెట్లు పెద్ద రిస్క్ అయింది. మీ అంకెలు వేరుగా రావచ్చు. పక్కన కారణం రాయకుండా మాత్రం ఏ అంకే వేయకండి, ఎందుకంటే అంకెలు వేయగానే జనం వాక్యం చదవడం మానేస్తారు.

పట్టిక తయారు చేసేటప్పుడు టేబుల్ దగ్గర కూర్చుని అనువాదం చేయొద్దు. మేస్త్రిని, వడ్రంగిని, పూజారిని, ఆఫీసు గుమాస్తాను సత్రం చుట్టూ తిప్పి, ఒక్కొక్క చోట చెయ్యి పెట్టి "దీన్ని మీరేమంటారు" అని అడగండి. నెర్రె, బీట, పెచ్చు లేవడం, పొడి రాలడం, ఉప్పు ఊరడం, గోడ ఉబ్బడం, ఒరగడం: మన మేస్త్రుల దగ్గర ఈ మాటలు ఎన్నో ఉన్నాయి, ఒక్కోటి ఒక్కో జబ్బుకు. పాత కట్టడాల సంరక్షణ చూసే అంతర్జాతీయ సంస్థ ఇకోమోస్ 2008లో రాతి దెబ్బలకు ఫోటోలతో ఒక పదకోశం వేసింది, 0.1 మిల్లీమీటరు కంటే సన్ననిదాన్ని వెంట్రుక బీట అనాలన్నంత వివరంగా ఉంటుంది. దాని క్రమాన్ని తీసుకోండి, ఫోటోలు మీ సత్రంవి పెట్టండి, ఫోటో కింద తెలుగు మాట, ఒడియా మాట పక్కపక్కన రాయండి. ఫోటో ఉంటే రెండు భాషలవాళ్లూ ఒకేదాన్ని చూపిస్తున్నారో లేదో వెంటనే తేలిపోతుంది. జనం నోట్లో ఉన్న మాటే కాగితం మీదికి రావాలని గిడుగు రామమూర్తి గారు పోరాడింది పర్లాకిమిడి నుంచే కదా. ఆ వైపు కొండల్లోని సవర గిరిజనుల భాషకు నిఘంటువు చేసిందీ ఆయనే. సవర ఊళ్లవాళ్లు సత్రానికి వస్తుంటే, ఫోటో కింద మూడో గడి కూడా వదలండి.

మాటలు ఇరవై దాటనివ్వకండి. ప్రతి మాటకు ఒక అర్థం, ఒక ఫోటో, "ఇది కాదు" అని ఒక ఎదురు ఉదాహరణ. కింద తేదీ, ఎవరెవరు ఒప్పుకున్నారో వాళ్ల సంతకాలు. వచ్చే ఏడాది కొత్త ఇంజినీరు వచ్చి వేరే మాటలు వాడితే, ఆ కాగితం ఆయన చేతిలో పెట్టండి.

చివరగా మీరు అడిగిన ఫారం సంగతి. జిల్లా ఆఫీసు ఫారంలో రిస్క్ దగ్గర ఎక్కువ, మధ్యస్థం, తక్కువ అని మూడే గడులున్నాయి, ఏది నింపాలి అని. మొత్తం సత్రానికి ఒక్క టిక్కు పెట్టకండి. వెనకాల ఒక కాగితం జతచేసి, మీ రిస్క్ వాక్యాలకు వరస నంబర్లు వేసి, "ఎక్కువ" గడిలో "1, 3", "మధ్యస్థం" గడిలో "2, 5, 6" అని రాయండి. గుమాస్తా గారు విసుక్కుంటారు, అయినా తీసుకుంటారు. మొదటి వాక్యం మిద్దె తూముదే అవుతుందని నా ఊహ. దాన్ని ఫారం వెనక్కి వచ్చేదాకా ఆపొద్దు, జూన్‌లో వానలు పడకముందే తీయించేయండి. మేస్త్రి ఎక్కినప్పుడు దూలాల కొసలు మేకుతో గుచ్చి చూడమనండి, అవి ఎలా ఉన్నాయో ఇక్కడే రాయండి, ఆ తర్వాత అంకెలు వేద్దాం.